ప్లగ్గు కోసం పాతిన రాగిరేకు

నరసరావుపేటలో మా ఇంటికి కరెంటు వచ్చింది స్వాతంత్ర్యం వచ్చిన మరుసటి ఏడు. మొదట రెండు దీపాలే పెట్టించారు. మా ఆయన దర్జీ. బొగ్గుల ఇస్త్రీపెట్టెలోంచి రవ్వ పడి ఎవరి చొక్కాకో ఒకరి చొక్కాకి చిల్లు పడుతూ ఉండేది. అందుకని కరెంటు ఇస్త్రీపెట్టె కొనడానికి గుంటూరు వెళ్ళాడు. వెళ్తూ, ముందుగదిలో ప్లగ్గు బిగించమని వైరింగు మేస్త్రికి చెప్పి పోయాడు.

ఆ రోజు ఇంట్లో నేనొక్కదాన్నే ఉన్నాను. మా అత్తగారు నకరికల్లులో కూతురింటికి వెళ్ళింది. పెద్దత్త, అంటే మా మామగారి అక్క, మిరపకాయల కోతకి కూలికి పోయింది. పెళ్ళయిన ఏడాదికే మొగుడు పోతే తమ్ముడింటికి వచ్చి, ఆ తమ్ముడు పోయాక కూడా అక్కడే ఉండిపోయిన మనిషి ఆమె.

మేస్త్రి ముసలి సాయిబు. గోడకి కన్నాలు తొలిచి, వాటిలో కొయ్యముక్కలు దిగ్గొట్టి, వాటి మీద చెక్క పెట్టి మరలు బిగించాడు. మాది రాళ్ళూ మట్టీ కలిపి కట్టిన గోడ. మొదట కొట్టిన రెండు ముక్కలూ ఊడి చేతికొచ్చాయి. మళ్ళీ కొట్టాడు. చివరికి చెక్క మీద నల్లటి ప్లగ్గు నిలబడింది. దానికి మూడు రంధ్రాలు.

"ఇంక ఎర్తు వెయ్యాలమ్మాయ్," అన్నాడు.

నాకు ఎరువు అని వినపడింది. "గోడకి ఎరువేంది తాతా?"

"ఎరువు కాదు, ఎర్తు! ఈ పైబొక్క భూమిలోకి పోవాల. ఇంట్లో బొగ్గులున్నయ్యా? ఉప్పు?"

ఎర్తు అనే ఆ మాటను నేను చదవగలిగింది ముసలితనంలో అక్షరాలు నేర్చుకున్నాకే.

బొగ్గులు మా ఇంట్లో బస్తాలో ఉండేవి. ఉప్పు జాడీ నిండా ఉంది. ఉప్పు ఒకరి చేతికి ఇవ్వకూడదని మా అత్తగారి పట్టింపు. ఎవరికైనా ఇవ్వాల్సి వస్తే కింద పెట్టి తీసుకోమనేది. నేను జాడీ ఎత్తి నేరుగా అతని దోసిట్లో మళ్ళీ మళ్ళీ పోశాను, అడుగు కనపడేదాకా. అతను పెరట్లో గోడ వారన మోకాలి లోతు గుంట తీసి, తీగ కట్టిన రాగిరేకు పెట్టి, దాని మీద ఉప్పూ బొగ్గూ వరసలుగా పోసి పూడ్చాడు. తీగను గోడ కన్నంలోంచి ప్లగ్గుకి కలిపాడు.

మర్నాడు పొద్దున్నే అత్తగారు వచ్చింది. పెరట్లో మట్టి గుల్లగా కనపడేసరికి సొరగింజలు పెడదామని పలుగు తెచ్చి తవ్వింది. ఉప్పు తగిలింది, బొగ్గు తగిలింది. ఇంకా తవ్వితే రేకు తగిలింది.

"ఏమే, ఇటు రా! రాగిరేకు చూడు! తీగ కట్టి ఇంట్లోకి లాగారు. కొంపని కట్టేశారే!"

చేతబడి చేసేవాళ్ళు రాగిరేకు పాతుతారని మా వైపు అందరూ అనుకునేదే. పెళ్ళయి నాలుగేళ్ళయినా నాకు పిల్లలు లేకపోవడానికి కారణం ఆమెకు ఆ గుంటలో దొరికింది. ఎవరు తవ్వారని అడిగింది. నాకు ఖాళీ జాడీ గుర్తొచ్చింది. ఏమీ చెప్పలేదు. భయపడ్డాననుకుంది.

ఆ రోజూ కోతకి పోయిన పెద్దత్త ఎండెక్కాక వచ్చింది. అత్తగారు రేకు ఆమె కాళ్ళ దగ్గర పడేసింది.

"ఎవరి చేత పెట్టించావు వదినా?"

"ఏందిది?"

"తెలవనట్టు అడగమాక. నీకు లేరని దీనికీ పిల్లలు లేకుండా చేస్తన్నావు. నా కొడుకు వచ్చేలోపు ఎడ్లపాడు పో. మీ చెల్లెలుందిగా!"

పెద్దత్త నీళ్ళ కుండ దగ్గరికి వెళ్ళింది. మిరప ఘాటు పోయేలా చేతులు కడుక్కుని, దండెం మీది రెండు చీరలూ తీసి మూట కట్టింది. అప్పుడు నా వైపు తిరిగింది.

"నువ్వు గూడా అట్టాగే అనుకుంటన్నావా అమ్మాయ్?"

అప్పుడు చెప్పాను. రేకు మేస్త్రి పాతాడనీ, ఉప్పు నేనే ఇచ్చాననీ.

"కరెంటుకి ఉప్పేందే? అదేమన్నా పప్పుపులుసా?" అంది అత్తగారు. నమ్మక, పక్కవీధికి పోయి మేస్త్రిని వెంటబెట్టుకొచ్చింది. గుంట చూసి అతను తల పట్టుకున్నాడు.

"ఎంత పని చేశావక్కా! ఇస్త్రీపెట్టె ఒంటికి కరెంటు పాకితే ఈ రేకే భూమిలోకి లాగేస్తది. ఇది లేకపోతే నీ కొడుకుని పట్టుకుంటది."

అతను రేకు తుడిచి మళ్ళీ పాతడానికి కూర్చున్నాడు. అత్తగారు పెద్దత్త వైపు తిరిగింది.

"ఏదో తెలవక అన్నాలే. మూట విప్పు వదినా, అన్నం తిందువు."

పెద్దత్త విప్పలేదు.

"రేకు ఎవరిదైతే ఏందిలే. చూడంగానే నేను గుర్తొచ్చాను గదా," అంది.

గొంతులో కోపమేమీ లేదు. మూట నెత్తిన పెట్టుకుని, ఎడ్లపాడు వైపు పోయే బండ్ల కోసం రోడ్డు మీదికి నడిచింది. నేను వీధి గుమ్మం దాకా వెళ్ళాను. పొద్దున్నే ఎందుకు చెప్పలేదని ఆమె నన్ను అడగలేదు.

సాయంత్రం మా ఆయన ఇస్త్రీపెట్టెతో వచ్చాడు. ప్లగ్గులో పెట్టగానే వేడెక్కింది. జరిగింది చెప్పాను. వారం తిరక్కముందే ఎడ్లపాడు వెళ్ళాడు. మేనత్త అతనికి అన్నం పెట్టి, ఒక్కణ్ణే తిప్పి పంపింది.