చెయ్యి ముందు, వీపు తర్వాత

నగర్తపేటలో త్రాసులు బాగుచేసే ఆవులప్పకు కుస్తీల మీద ఉన్నన్ని అభిప్రాయాలు కుస్తీ పట్టేవాళ్ళకు కూడా ఉండేవి కావు. అడిగినా చెప్పేవాడు, అడక్కపోయినా చెప్పేవాడు. ఏ కిరాణా కొట్టాయనో తక్కెడ తెచ్చి ఒక పక్కకు మొగ్గుతోందప్పా అంటే, ముల్లును ఆకురాయితో రాస్తూనే, నిన్నటి ఆటలో ఎవడు ఎక్కడ తప్పాడో మొదలుపెట్టేవాడు. తక్కెడ పావుగంటలో బాగయ్యేది. అయినా కొట్టాయన గంటకు గాని బయటపడేవాడు కాదు.

వయసులో ఉన్నప్పుడు ఆవులప్ప కూడా పేటలోని గరడిమనె అనే తాలింఖానాలో ఎర్రమట్టి పూసుకుని కుస్తీ నేర్చుకున్నవాడే. పంతొమ్మిదో ఏట భుజం కీలు తప్పింది. అది మళ్ళీ సరిగ్గా కూర్చోలేదు, ఆయన మళ్ళీ మట్టిలో దిగలేదు. ఆ తర్వాత ఆయనకు మిగిలింది చూడటమూ, చూసింది చెప్పటమూ.

డెబ్బైల్లో ఏటా చలికాలంలో ఊరికి కుస్తీ కంపెనీ వచ్చేది. మైదానం చుట్టూ రేకులు కట్టి, మధ్యలో తాళ్ళ బరి వేసి, నాలుగు రోజులు ఆడించేవాళ్ళు. గరడిమనె పెద్దలు అటు తొంగి కూడా చూసేవాళ్ళు కాదు. అదంతా నాటకం, ముందే మాట్లాడుకుని పడతారు అని తీసిపారేసేవాళ్ళు. ఆవులప్పకు ఆ మాటంటే ఒళ్ళు మండేది.

"నాటకమే, ఎవురు కాదన్యారు?" అనేవాడు. "అయితే మనిషంత ఎత్తునుంచి పలకల మీద పడేది ఒళ్ళే కదప్పా. ఒళ్ళుకు నాటకం తెలుస్తాదా?"

ఆయన లెక్కలో కంపెనీ హీరో గజేంద్ర ఉత్త డొల్ల. ఛాతీ ఉంది, మీసం ఉంది, జనం ఈలలున్నాయి. కాళ్ళు మాత్రం బద్ధకం. ఇరాన్ సింహం అని గోడల మీద అచ్చేసినవాణ్ణి ఆవులప్ప మిలిటరీ హోటల్లో రాగిముద్ద, బోటి పులుసు తింటుంటే చూశాడు. రెండో ముద్ద కూడా అడిగాడట ఆ సింహం. ఆవులప్ప మనసు దోచినవాడు వీళ్ళెవ్వరూ కాదు, ముఖానికి నల్ల ముసుగేసుకుని వచ్చి ప్రతి ఆటలోనూ ఓడిపోయేవాడు. జనం వాడిమీద నారింజ తొక్కలు విసిరేవాళ్ళు. పేట మొత్తంలో వాణ్ణి మెచ్చుకున్నవాడు ఆవులప్ప ఒక్కడే.

"ఎత్తేదాంట్లో ఏముండాది? మార్కెట్లో కూలోళ్ళు ఎత్తరా మూటలు? పడేదే విద్య. చెయ్యి ముందు తగలల్ల, వీపు తర్వాత. చెయ్యి చప్పుడు చేస్తాది, వీపు బతుకుతాది. వాడు పడినప్పుడు కండ్లు మూసుకుని వినండప్పా, రెండు చప్పుళ్ళు వినబడతాయి."

మైకులో ఆట చెప్పే శ్రీనివాసప్ప మీద కూడా ఆయనకు కోపమే. శ్రీనివాసప్ప ఎన్నికల సభలకూ సర్కసులకూ గొంతు అద్దెకిచ్చే మనిషి. ఎవడు ఏం చేసినా ఘోరం, భయంకరం అని ఒకటే అరుపు. ఆవులప్ప దృష్టిలో అది పాపం. మనిషి గాలిలో ఉన్నప్పుడు మైకు నోరు మూసుకోవాలి; ఆ రెండు చప్పుళ్ళు జనానికి వినిపించాలి; ఆ తర్వాతే మాట్లాడాలి. ఈ సంగతి శ్రీనివాసప్పకే ముఖాన చెప్పాడు ఒకసారి. ఆయన నవ్వి, మరి నువ్వే వచ్చి చెప్పరాదా అన్నాడు.

ఆటకు ముందు జనం ఎదుట మల్లులను తూచటం కంపెనీ ఆచారం. ఆ పెద్ద తూకం యంత్రం ఆవులప్ప దుకాణం నుంచే అద్దెకు వెళ్ళేది, దాని వెంట ఆవులప్పా వెళ్ళేవాడు. ముల్లు కాస్త ముందుకు జరిపి పెట్టమని మేనేజరు అడిగితే, నా తక్కెడ అబద్ధం చెప్పదని ఖరాఖండీగా చెప్పాడు. మేనేజరు తగవు పెట్టుకోలేదు. శ్రీనివాసప్పే మైకులో ఇరవై ముప్పై కిలోలు కలిపి చెప్పేవాడు. ఒకసారి ముసుగువాడు యంత్రమెక్కి, పెదవులు కదపకుండా, "ఎంతుండానప్పా?" అని తెలుగులో అడిగాడు. "ఎనభై రెండు" అన్నాడు ఆవులప్ప. అప్పుడే తెలిసింది, వాడి పేరు చిక్కమునియప్ప అనీ, ఆనేకల్ దగ్గరి రైతు బిడ్డ అనీ. ఆ పేరు ఆవులప్ప పేటలో ఎవరికీ చెప్పలేదు. ముసుగుకు ఇవ్వాల్సిన మర్యాద అది.

డెబ్బై ఆరులో, ఆటల ఆఖరి రోజు ఆదివారం, శ్రీనివాసప్ప గొంతు పూర్తిగా పోయింది. మూడు రోజులు అరిచిన ఫలం. మేనేజరు అటూ ఇటూ చూసి, ఎప్పుడూ వాగుతుంటావు కదా, ఇదిగో అని మైకు తెచ్చి ఆవులప్ప చేతిలో పెట్టాడు.

ఆవులప్ప జీవితంలో అంత సంతోషం మరెప్పుడూ పొందలేదు. పెళ్ళినాడు కూడా లేదని ఆయన భార్య కమలమ్మే అనేది. కన్నడంలో కొంత, తెలుగులో కొంత, అరవంలో కొంత, మొదట తడబడుతూ చెప్పి, తర్వాత దారిలో పడ్డాడు. మనిషి గాలిలోకి లేవగానే నోరు మూసుకునేవాడు. రెండోసారికి జనానికి అర్థమైంది, వాళ్ళూ నోళ్ళు మూసుకున్నారు. వేలమంది గుమికూడిన మైదానంలో చెయ్యి పలకమీద తగిలే చప్పుడు వినబడింది. శ్రీనివాసప్ప కూడా తలాడించాడు.

చివరి ఆట గజేంద్రకూ ముసుగువాడికీ. పొద్దు వాలుతోంది. గజేంద్ర వాణ్ణి తలమీదికెత్తి విసిరాడు. ఆవులప్ప ఊపిరి బిగబట్టాడు. చెయ్యి ముందు, వీపు తర్వాత. రెండు చప్పుళ్ళూ విడివిడిగా, స్పష్టంగా వచ్చాయి.

"విన్నారా?" అన్నాడు ఆవులప్ప మైకులో. "ఇదప్పా పడేదంటే! దేశంలో ఇట్ల పడేవాడు ఇంకొకడు లేడు!"

ముసుగువాడు లేవలేదు. నడుములో ఏదో పట్టేసింది కాబోలు, ఒక పక్కకు ఒరిగి, ఆగమన్నట్టు కుడిచెయ్యి నాలుగు వేళ్ళ ఎత్తు లేపి ఆడించాడు. గజేంద్ర ఆగాడు. తాళ్ళ దగ్గర నిలబడి, ఏం చెయ్యాలో తెలియక మైకు వైపు చూశాడు.

ఆ చూపు ఆవులప్పకు చచ్చేదాకా గుర్తుంది. ఆ క్షణంలో ఆయన నోరు మూసుకుని ఉంటే సరిపోయేది. కాని ఆయన ముసుగువాడి విద్య మత్తులో ఉన్నాడు. ఆ చెయ్యి కూడా విద్యలో భాగమనే అనుకున్నాడు.

"ఆ చెయ్యి చూడండప్పా, ఎంత అందంగా ఆడిస్తుండాడో! నమ్మద్దండి, నిజమనుకుంటారు మీరు, నాకు తెలుసు వాని సంగతి! దగ్గరికి పోతే లేచి కాలు పడతాడు!"

జనం గొల్లుమన్నారు. గజేంద్ర కూడా నవ్వాడు. తాడెక్కి, రెండు చేతులూ చాచి, ఒరిగి పడుకున్నవాడి మెడమీదికి దూకాడు.

ఈసారి వచ్చింది ఒకటే చప్పుడు.

చాలాసేపటిదాకా జనం నవ్వుతూనే ఉన్నారు. ముసుగు తీసి చూసినవాళ్ళు డాక్టరు కోసం కేకలు పెట్టినప్పుడు కూడా కొందరు అదీ ఆటే అనుకున్నారు. ఆవులప్పకు మైకు ఎక్కడ పెట్టాడో గుర్తులేదు. మర్నాడు కంపెనీ రేకులు విప్పుకుని వెళ్ళిపోయింది. మనిషి బతికాడనీ, మెడ కింద ఒళ్ళు కదలదనీ, ఊరికి తీసుకుపోయారనీ శ్రీనివాసప్ప వచ్చి చెప్పాడు. వాడు సరిగ్గా పడలేదని కొందరు, గజేంద్ర మోటుగా దూకాడని కొందరు అనుకున్నారు. మైకు మాట ఒక్కరూ ఎత్తలేదు. పైగా పేటలో వాళ్ళు భుజం తట్టి, "ఏం చెప్తివప్పా ఆ పొద్దు, రేడియోలో చెప్పల్ల నువ్వు" అన్నారు. తిడితే ఎంత బాగుండేదో ఆయనకు.

ఆ తర్వాత ఆవులప్ప కుస్తీల గురించి మాట్లాడలేదు. తూకం యంత్రం కంపెనీలకు అద్దెకివ్వలేదు. ఎనభైల్లో పక్కవీధిలో ఎవరో వీడియో పెట్టి అమెరికా మల్లుల క్యాసెట్లు ఆడించేవాళ్ళు. అవి చూసిన కుర్రాళ్ళు ఇది నిజమా, ఉత్తుత్తిదా అని అడగటానికి దుకాణానికి వచ్చేవాళ్ళు. నాకు తెలీదప్పా అనేవాడు. తక్కెడలు మాత్రం త్వరగా బాగయ్యేవి.

ఎనభై నాలుగులో జిగణిలో రాళ్ళు నున్నచేసే ఒక ఫ్యాక్టరీకి తూకం యంత్రం చూడటానికి వెళ్ళాడు. అక్కడ రాతిపొడి ఊడ్చే ఒకామె దగ్గరికొచ్చి, నగర్తపేట నుంచి వచ్చారా అని అడిగింది.

"కుస్తీలకు తక్కెడ పెట్టే ఆవులప్ప అని ఒకాయన ఉండె. ఎరుగుదురా? మా ఇంటాయన పేటోళ్ళు ఎవురు కనబడినా అడగమంటాడు."

ఎరగనని ఉంటే అయిపోయేది. నేనే అన్నాడు ఆవులప్ప. ఎందుకన్నాడో ఆయనకే తెలియదు.

ఆమె పేరు పిల్లమ్మ. ఫ్యాక్టరీ వెనక వరస ఇళ్ళలో చివరిది వాళ్ళది. మంచం మీద చిక్కమునియప్ప దుప్పటి కింద ఉన్నాడు. ఆవులప్ప కళ్ళు పాత అలవాటుగా తూచేశాయి. నలభై నాలుగు కిలోలు, అంతకు మించి లేడు. ఆయన గుమ్మంలోనే కూర్చున్నాడు.

"ఎట్లుండావప్పా?" అని అడగ్గానే మంచం మీది ముఖం వెలిగింది.

"ఈ గొంతు! మీరే కదా మైకులో చెప్పింది! పిల్లమ్మా, ఈయనే. నా విద్య తెలిసిన ఒకే ఒక్క మనిషి. జనం తొక్కలు ఏస్తారప్పా నామింద, ఈయన మాత్రం దేశంలో ఇంకొకడు లేడన్యాడు. అది వింటిని. ఆమీట చెవులు హోరెత్తి, ఏమీ వినబడలేదు."

పిల్లమ్మ కాఫీ తెచ్చింది. ఆవులప్ప గ్లాసు పట్టుకున్నాడు గాని తాగలేకపోయాడు.

"ఎనిమిదేండ్లుగా ఒకటే అడగాలని ఉండాదప్పా మిమ్మల్ని," అన్నాడు చిక్కమునియప్ప. "నేను తప్పు పడితినా? చెయ్యి ముందు పడెనా, లేదా? గజేంద్రదే తప్పని ఈమె అంటాది. వాణ్ణి శపించని దినం లేదు. నాకేమో తెలీదు. మీరు చెప్తే నమ్ముతాను. తక్కెడ పట్టే మనిషి మీరు."

నిజం ఆవులప్ప నాలుక మీదే ఉంది. నువ్వు సరిగ్గానే పడ్డావు. నువ్వు చెయ్యి లేపావు, గజేంద్ర ఆగాడు, నేను మైకులో వాణ్ణి ఎగదోశాను. మొదటి మాట చెప్తే, మరి మెడ ఎట్లా విరిగిందని అడుగుతాడు. అప్పుడు మిగిలినదంతా చెప్పాలి. ఆ వెలిగిన ముఖం ఆరిపోతుంది. దాన్ని తట్టుకోలేనని అనుకున్నాడు. తర్వాత ఎన్నోసార్లు ఆ సంగతి తిరగేసుకుని, తాను భయపడింది ఆ ముఖం కోసం కాదనీ, తనకోసమేననీ ఒప్పుకున్నాడు.

"చెయ్యి ఒక రవ్వ ఆలస్యమయిందప్పా," అన్నాడు.

చిక్కమునియప్ప కళ్ళు మూసుకున్నాడు. "అట్లనా," అన్నాడు. "నేనూ అట్లే అనుకుంటిని. పిల్లమ్మా, ఇంక గజేంద్రను ఏమనద్దు. నాదే తప్పంట."

ఆవులప్ప లేవబోతుంటే చిక్కమునియప్పే ఆపాడు. ఆ పొద్దుది వద్దు, అంతకుముందు ఏదైనా ఒక మంచి ఆట మైకులో చెప్పినట్టే చెప్పమన్నాడు. ఆవులప్ప చెప్పాడు. మనిషి గాలిలోకి లేచే చోట ఆగితే, చిక్కమునియప్ప నోటితోనే రెండు చప్పుళ్ళు చేసి నవ్వాడు.

ఆ తర్వాత నాలుగేళ్ళు, నెలకొక ఆదివారం, ఆవులప్ప బస్సెక్కి జిగణి వెళ్ళి కుస్తీలు చెప్పి వచ్చాడు. చూసినవి అయిపోతే లేనివి కల్పించాడు. ఎప్పుడూ అబద్ధం చెప్పని తక్కెడ మనిషి అక్కడ కూర్చుని గంటల తరబడి అబద్ధాలు చెప్పాడు. వెళ్ళిన ప్రతిసారీ ఈసారి చెప్పేస్తాను అనుకునేవాడు. తిరుగు బస్సులో తనను తాను తిట్టుకునేవాడు.

ఎనభై ఎనిమిది వానాకాలంలో పిల్లమ్మే వెతుక్కుంటూ నగర్తపేటకు వచ్చింది. దుకాణం ముందు పీట మీద కూర్చుని, "పోయినాడప్పా, మొన్న సోమవారం," అంది.

ఆవులప్ప చేతిలోని తక్కెడ కింద పెట్టాడు.

"మీకొక మాట చెప్పమన్యాడు. ఇంకొక జన్మ ఉంటే చెయ్యి టయానికి ఏస్తాడంట. తప్పకుండా ఏస్తాడంట. ఆవులప్పను వచ్చి చూడమను అన్యాడు."

వీధిలో బండ్లు పోతున్నాయి. పన్నెండేళ్ళ తర్వాత, వినాల్సినవాడు లేకుండా పోయాక, నిజం బయటికొచ్చింది.

"ఆ పొద్దూ టయానికే ఏసినాడమ్మా. సరిగ్గానే పడినాడు. తప్పు నాది."

పిల్లమ్మ ఆయనకేసి చూసి, కొంగుతో ముఖం తుడుచుకుంది.

"మీరట్లే అంటారప్పా, మంచోళ్ళు," అంది. బస్సుకు టైమవుతోందని లేచి వెళ్ళిపోయింది.