త్యాగరాజు చలికాలం

సెక్షన్ ఆఫీసరు త్యాగరాజుకి చలి వెయ్యాలా వద్దా అన్నది డైరెక్టరుగారు నిర్ణయిస్తారు. జనవరి పొగమంచులో ఆర్కేపురం నుంచి ఆఫీసుకి రోజూ ఆయన కార్లోనే ప్రయాణం. "హీటరు ఎలా ఉందయ్యా?" అని ఆయన అడగ్గానే, పళ్ళు టకటకలాడుతున్నా మంకీక్యాప్ తీసేసి, స్వెట్టరు గుండీలు విప్పి, "ఉక్కపోస్తోంది సార్!" అంటాడు. ఒకరోజు ఇండియా గేటు దగ్గర బానెట్లోంచి ఆవిరి చిమ్మి కారు ఆగిపోయింది. సర్దార్జీ మెకానిక్కు వంగి చూసి, "గొట్టానికి చిల్లు పడింది సాబ్. వారంగా రేడియేటరు నీళ్ళు కారిపోతున్నాయి. ఆ వేడినీళ్ళు అందకే హీటరు చల్లబడింది" అన్నాడు. డైరెక్టరుగారు తెల్లబోయారు. "నువ్వు ఉక్కగా ఉందంటుంటే, వణుకు నాకొక్కడికేననుకుని జ్వరం మాత్రలు మింగుతున్నానయ్యా!" త్యాగరాజు తాపీగా గుండీలు పెట్టుకుంటూ, "తమరికి జ్వరమని నాకూ అనిపించింది సార్" అన్నాడు.