మిషను మీద కుట్టిన మహజరు

పుస్తకంలో ఉన్నదంతా లోకంలోనూ ఉంటుందని నమ్మే వయసు ఒకటి ఉంటుంది. ఆ వయసులో నేను ఆబిడ్స్‌లో ఒక ఫౌంటెన్ పెన్నుల దుకాణంలో గుమాస్తాని. యాభై ఆరులో రాష్ట్రం ఏర్పడ్డాక గుంటూరు వైపు నుంచి వచ్చి నాంపల్లిలో అద్దెకు దిగిన కుటుంబం మాది. మెట్రిక్ తప్పాను (రెండుసార్లు, లెక్కల్లో). ఆ లోటు పూడ్చుకోవడానికి సాయంత్రం దుకాణం మూయగానే గ్రంథాలయానికి పోయి, ఎవరూ ముట్టని లావుపాటి పుస్తకాలు తీసి నోటుబుక్కులోకి ఎక్కించుకునేవాణ్ణి. ఆ ఏడాది నా చేతికి చిక్కింది పార్లమెంటు చరిత్ర. రాజు చేతిలోని ఖజానా తాళాలను సభ ఎలా లాక్కుందో, సభలో జరిగినదాన్ని ఏ న్యాయస్థానమూ ఎందుకు ప్రశ్నించకూడదో, సామాన్యుడు తన కష్టాన్ని చర్మపు కాగితం మీద రాసి నేరుగా సభకే ఎలా పంపుకోవచ్చో అన్నీ రాసుకున్నాను. ఆ పార్లమెంటు ఇంగ్లండుదన్న సంగతి అట్ట మీదే ఉంది. మనవాళ్లూ అక్కడి నుంచే తెచ్చుకున్నారు గదా, తేడా ఏముంటుందిలే అనుకున్నాను.

మా ఇంటి కింది మల్గీలో (వీధి మొహాన ఉండే దుకాణపు గదిని ఇక్కడ మల్గీ అంటారు) ఒక దర్జీ ఉండేవాడు. నేను మామా అని పిలిచేవాణ్ణి. ఆయన కత్తిరించి కుడితే, భార్య (నాకు అత్త) పక్కనే కూర్చుని కాజాలు, గుండీలు చూసుకునేది. నిజాం కాలం నుంచి వాళ్ల బతుకంతా ఆ గదిలోనే. ఒకరోజు కోర్టు కాగితం వచ్చింది. యజమాని సొంత వ్యాపారానికి మల్గీ కావాలట, ఫలానా తారీఖున కిరాయి కోర్టుకు హాజరు కావాలట.

"కోర్టంటేనే నాకు భయమైతుంది. గాడ ఏం మాట్లాడాలె?" అన్నాడు మామ.

"మాట్లాడనే వద్దు మామా. అన్నిటికన్నా పెద్దది పార్లమెంటు. పదిమంది సంతకాలతో మహజరు రాసి పంపుదాం, అది సభకు చేరిందంటే ఈ తగువు సభది. ఇక ఏ కోర్టూ వేలు పెట్టలేదు."

"గట్లనా?"

"పుస్తకంలో ఉంది."

అత్త గుండీ మీంచి తల ఎత్తలేదు. "గాయనకు ఉస్మాన్‌గంజ్‌ల ఇంకో దుకాణం ఉండంగ మనది ఎందుకంట? గదొక్క ముచ్చట కోర్టుల చెప్పి రారాదు? గడియ సేపు పని."

"నువ్వు ఊకో. చదువుకున్నోడు చెప్తుండు గదా," అన్నాడు మామ.

(నన్ను చదువుకున్నవాడన్న మొదటి మనిషి ఆయన. ఆ ఒక్క మాటకు ఆయన మల్గీని బలిపెట్టాను.)

మహజరు చుట్టగా చుట్టి పంపాలని నా పుస్తకంలో ఉంది. చర్మపు కాగితం ఆబిడ్స్ అంతా వెతికినా దొరకలేదు. చివరికి అయిదు ఠావుల కాగితం తెచ్చి, ఇంగ్లీషులో నింపి, ఒకదాని కొసకు ఇంకొకటి పెట్టి మామ చేత మిషను మీద జోడు కుట్టు వేయించాను. సభవారికి వాళ్ల బలం గుర్తుండాలని, పూర్వం సభతో తగువు పెట్టుకున్న ఒక రాజుగారి తల పోయిన వైనం కూడా ఒక పేరాలో రాశాను. సంతకాలకు, కుట్టుకు బట్టలిచ్చిన గిరాకీలనే పట్టుకున్నాం. "నా పైజామా ఎప్పుడైతది?" అని ఒక పహిల్వాన్ అడిగితే, "గీడ సంతకం పెడితే రేపు, పెట్టకుంటే ఎల్లుండి," అన్నాడు మామ. పోస్టాఫీసు గుమాస్తా ఢిల్లీకి పోవలసిన ఆ చుట్టను నొక్కి చూసి, "లోపల గుడ్డలా?" అన్నాడు. "ప్రజాభీష్టం," అన్నాను. ఆయన దాన్ని తూకం వేశాడు.

కోర్టు తారీఖున మామ ఉతికిన చొక్కా తొడుక్కుని గడప దాకా వచ్చాడు. "ఊరికే పోయి నిలబడొస్త," అన్నాడు. నేనే ఆపాను. మీరు పోతే కోర్టు అధికారాన్ని ఒప్పుకున్నట్టే, సభ పరువు పోతుందని చెప్పాను. ఆయన చొక్కా విప్పి మేకుకు తగిలించి మిషను తొక్కుతూ కూర్చున్నాడు. కోర్టు మాత్రం, పిలిచినా రాలేదని, యజమాని మాటే నిజమని తీర్పు ఇచ్చేసింది. ఢిల్లీ జవాబు వస్తుందని చెప్పి చెప్పి అప్పీలు గడువు కూడా నేనే దాటించాను.

జవాబు వచ్చింది, నాలుగు వరుసలు. కిరాయిల విషయం రాష్ట్ర శాసనసభదట, పైగా కోర్టులో ఉన్న వ్యవహారాన్ని పార్లమెంటు ముట్టుకోదట. ఆ శాసనసభ మా ఇంటి నుంచి పది నిమిషాల నడక. రోజూ దాని మీదుగా పోయే నేను ఢిల్లీకి రాశాను. ఆ వారమే కోర్టు మనిషి వచ్చి మిషను వీధిలో పెట్టించాడు. అత్త గుండీల డబ్బా ఒళ్లో పెట్టుకుని, నా వంక చూడకుండా రిక్షా ఎక్కింది.

రెండేళ్ల తర్వాత గౌలిగూడ బస్సుల దగ్గర ఒక పంచన వాళ్లు కనిపించారు. వాన పడితే మిషను మీద గోనెపట్టా కప్పాలి. తప్పించుకుపోదామనుకున్నాను గానీ మామ చూసేశాడు.

"రా కొడుకా, కూసో. ఇప్పుడేం చదువుతున్నవ్?"

"మన రాజ్యాంగం, మామా."

"మరి గప్పుడు చదివింది?"

"ఇంగ్లండుది."

ఆయన దారం పంటితో తెంపాడు. "గదే అనుకున్న. మన కాయితం మస్తు దూరం పోయినట్టుంది," అని పెద్దగా నవ్వాడు. నేనూ నవ్వాను, నవ్వక ఏం చేయను. అప్పుడు అత్త తల ఎత్తింది.

"ఔ గానీ పిలగా, గా దినం మేం కోర్టుకు పోయుంటే మల్గీ మాకే ఉంటుండెనా?"

కిరాయి చట్టం అప్పటికి మొదటి నుంచి చివరి దాకా చదివేశాను. అదే ఊళ్లో సొంత దుకాణం ఇంకొకటి ఉన్న యజమాని, వ్యాపారానికని మల్గీ ఖాళీ చేయించడానికి వీల్లేదు. మామ నోరు తెరిచి ఆ ఒక్క ముక్క చెప్పి వస్తే సరిపోయేది.

"తెలియదు అత్తా," అన్నాను.

చదివి ఉండీ తెలియదన్నది నా జన్మలో ఆ ఒక్కసారే. అప్పటి నన్ను, ఆ పెన్నుల దుకాణం గుమాస్తా కుర్రాణ్ణి, తలుచుకుంటే ఇప్పటికీ కోపం వస్తుంది, ఆ వెనకే కాస్త నవ్వూ వస్తుంది. ఇప్పుడు ఎదురుపడితే రెక్క పట్టుకుని కోర్టుకు తీసుకుపోతాను. వాడు రాడు. నా వాదంలో తప్పెక్కడుందో పుస్తకం తీసి, పుటతో సహా చూపిస్తాడు.