అన్న సన్నాయికి నేను కొట్టని దెబ్బ

దయ్యాల మాట ఎవరైనా ఎత్తితే నవ్వేవాణ్ని. ముప్పై ఏళ్లు పెళ్లిళ్లకు డోలు కొట్టాను. ఊరేగింపులయ్యాక బస్సు దొరక్క, డోలు భుజాన వేసుకొని ఎన్ని చెరువు కట్టలు దాటానో. కుక్కలు తప్ప నన్నెవరూ తరమలేదు. ఇప్పుడు చెప్పేది పట్టపగలు, నలభై మంది మధ్య జరిగింది. నమ్మమని ఎవర్నీ బతిమాలను.

మా అన్న అంజయ్యది సన్నాయి, నాది డోలు. నల్గొండకు దగ్గర్లోనే మా ఊరు. మా నాయిన ఇద్దర్నీ ఒకే చాప మీద కూర్చోబెట్టి నేర్పాడు. అన్న ఎక్కడ ఊపిరి తీసుకుంటాడో నా చేతికి తెలిసేది. ముందు పన్ను ఊడిపోయాక ఆయన పాట ఎత్తుకునే ముందు 'స్స్' మని గాలి జారేది. "నీ సన్నాయి కంటె ముందు పాము లేస్తదన్నా" అని ఆటపట్టించేవాణ్ని. ఆయనా నవ్వేవాడు.

తర్వాత డీజేలు వచ్చాయి. మమ్మల్ని తాళి కట్టే గడియకు పిలిచి, అది కాగానే మూలన కూర్చోమనేవారు. కొన్నాళ్లకు ఆ పిలుపులూ తగ్గాయి. నేను అన్నకు ఒక్క మాట చెప్పకుండా డీజే బండి మీద పనికి కుదిరాను. తెలిశాక ఆయన తిట్టలేదు. తిట్టినా బాగుండేది.

"నువ్వు కొట్టకపోతె నేనెందుకు ఊదుత తమ్మీ" అన్నాడు. సన్నాయిని గుడ్డలో చుట్టి ఇనుప పెట్టెలో పెట్టేశాడు. ఆ చలికాలంలోనే పోయాడు. నేనప్పుడు ఎవరిదో పెళ్లి బారాత్‌లో డీజే పెట్టెలు మోస్తున్నాను. చివరి చూపు కూడా దక్కలేదు.

మా సన్నాయి, డోలు కళాకారుల సంఘానికి ఏటా ఒక మహాసభ ఉండేది. ఆషాఢంలో పెళ్లిళ్లుండవు కాబట్టి అప్పుడే పెట్టుకునేవాళ్లం. నల్గొండలో ఒక హాలు కిరాయికి తీసుకుంటే, మహబూబ్‌నగర్ వైపు వాళ్లు కూడా వచ్చేవారు.

మా సభలో హాజరు నోటితో చెప్పరు. జోడీని పిలుస్తారు. సన్నాయి ఒక వరుస ఊది సగంలో ఆపుతుంది. డోలు రెండు దెబ్బలు కొట్టి దాన్ని ముగిస్తుంది. దెబ్బ పడితేనే హాజరు. జోడీలో సన్నాయి ఊదేవాడు పోతే, ఆ ఏడు అతని పేరు ఆఖరిసారి పిలుస్తారు. జవాబు రాదు. మిగిలినవాడు డోలును, పుల్లతో కొట్టే ముఖం నేలకు ఆనేట్టు నిలబెడతాడు. అప్పుడు పేరు కొట్టేస్తారు.

అప్పటికి తెలంగాణ వచ్చి మూడేళ్లో నాలుగేళ్లో అయింది. అన్న పోయాక వచ్చిన మొదటి సభ. నాకు పోబుద్ధి కాలేదు. "పో నర్సింహా. మీ అన్న పేరు నువ్వే సాగనంపాలె" అంది వదినె. పొద్దున ఆమె పెట్టె తెరిచి సన్నాయిని ఒకసారి చూసుకుంది. నేనూ చూశాను. నోట పెట్టి ఊదే తాటాకు పీక ఎండి బిర్రుగా ఉంది. పెట్టెకు తాళం వేసి, తాళంచెవి నా మొలతాడుకు కట్టుకొని బయలుదేరాను.

కార్యదర్శి యాదయ్య మామది కొత్తకోట. పెద్దాయన. పుస్తకం చూసి "అంజయ్య, నర్సింహ" అని పిలిచాడు.

నేను డోలును నిలబెట్టడానికి రెండు చేతులూ వేశాను. అప్పుడు వెనక నుంచి 'స్స్' మంది.

ఆ వెంటనే సన్నాయి. ఎప్పుడూ అన్న కూర్చునే కిటికీ దగ్గరి నుంచే. నాయిన నేర్పిన వరుస. అన్న ఎప్పుడూ ఆపే చోటే ఆగింది.

హాలులో పద్దెనిమిది మంది సన్నాయి వాళ్లున్నారు. ఒక్కొక్కరినీ చూశాను. అందరి సన్నాయిలూ ఒళ్లోనే ఉన్నాయి. కిటికీ దగ్గర ఎవరూ లేరు. వినపడింది నాకొక్కడికే కాదు, నా పక్కనున్న ముసలాయన రెండు చేతులూ జోడించాడు.

"కొట్టు నర్సింహా, ఆగిండు. కొట్టు" అన్నాడు యాదయ్య మామ.

నా చెయ్యి లేవలేదు. భయం కాదు, సిగ్గు. వదిలేసి పోయినవాణ్ని, ఏ ముఖం పెట్టుకొని కొట్టను?

మళ్లీ 'స్స్' మంది. అదే వరుస, ఈసారి కొంచెం పొట్టిగా, ఊపిరి చాలనట్టు.

"కొట్టురా! జర కొట్టురా!" అని అరిచాడు మామ.

నేను పుల్ల పట్టుకొని అట్లాగే కూర్చున్నాను. మూడోసారి రాలేదు. డోలును నిలబెట్టడానికీ నాకు మనసొప్పలేదు. మామ పేరు కొట్టేయకుండానే తర్వాతి జోడీని పిలిచాడు.

ఇంటికి వచ్చి, అన్న సన్నాయి వినపడిందని వదినెకు చెప్పి తాళం తీశాను. పీక తడిగా, మెత్తగా ఉంది. ఇప్పుడే నోట్లోంచి తీసినట్టు ఉంది. ఆషాఢం కదా, చెమ్మ పట్టింది అన్నాను. సన్నాయికి చుట్టిన గుడ్డను వదినె తీసి నా చేతిలో పెట్టింది. గుడ్డ పొడిగా ఉంది. ఆమె ఏడవలేదు. "నువ్వు కొట్టినవా మరి?" అని మాత్రం అడిగింది.

డీజే పని మానేశాను. ప్రతి ఆషాఢం పోయాను. మామ మా పేర్లు పిలిచేవాడు. పుల్ల ఎత్తి పట్టుకొని కూర్చునేవాణ్ని. కిటికీ దగ్గర ఏ చప్పుడూ ఉండేది కాదు. మనుషులూ తగ్గిపోయారు. కొందరు చచ్చిపోయారు, కొందరు వాచ్‌మన్ పనులకు పోయారు. పోయిన ఏడు సభే లేదు. మంచాన పడ్డ యాదయ్య మామ హాజరు పుస్తకాన్ని ఎవరితోనో నాకు పంపించాడు.

ఈ ఆషాఢంలో ఇంట్లోనే కూర్చొని, రెండు పేర్లూ నేనే పిలిచాను. పుల్ల ఎత్తి పట్టుకొని చెయ్యి గుంజేదాకా చూశాను. పెట్టె తెరిచి చూస్తే పీక ఎండిపోయే ఉంది.

ఆ రోజు ఊదిందెవరో నేనిప్పటికీ చెప్పలేను. కొట్టనిది మాత్రం నేనే.