నీళ్ళు రుచి చూసే మేస్త్రి

మా మేస్త్రి పోయినాడు. మంగళవారం పొద్దున నాయుడుపేట నుంచి సిమెంటు కొట్టు ఆయన ఫోన్ చేసి, "సార్, మీ ఇల్లు బాగుచేసిన సాయబు మేస్త్రి పోయినాడు. మధ్యాన్నం నమాజు అయినాక తీసుకుపోతారంట" అన్నాడు. నేనిప్పుడు వెంకటాచలంలో అద్దెకుంటున్నాను. చొక్కా వేసుకుని బస్సెక్కినాను. దారంతా ఏడుపు రాలేదు, సిగ్గేసింది. ఎందుకో చెబుదామనే ఇది రాస్తున్నాను.

ఎక్కడ పనికి దిగినా ఆయన ముందు నీళ్ళు నోట్లో పోసుకునేవాడు. బోరు నీళ్ళు దోసిట్లో పట్టి, పుక్కిలించి ఉమ్మేసి, "వీటితో కాదు సార్" అనేవాడు. మాది తడకి ఇవతల ఉప్పునీళ్ళ సరస్సు పక్క ఊరు. ఎక్కడ బోరు వేసినా ఉప్పే. స్నానాలకీ గిన్నెలకీ అవే వాడతాం, అలవాటైపోయింది. సిమెంటుకి మాత్రం ట్యాంకరు మంచినీళ్ళు రావాల్సిందే అనేవాడు. ఇసక కూడా చిటికెడు తీసి నాలిక మీద వేసుకునేవాడు. "మేస్త్రికి టిఫినూ అదే" అని కూలోళ్ళు నవ్వితే, తనూ నవ్వేవాడు. "ఉప్పు లోపల ఇనప కమ్మిని తింటా ఉంటాది, మనం పైన రంగులేసుకుని మురిసిపోతా ఉంటాం" అనేవాడు.

నేను రిటైరైన ఏడాది అది. తడ పక్కన ఫ్యాక్టరీలొచ్చినాయి, ఇళ్ళ రేట్లు ఎగిరిపోతున్నాయి అని ఊరంతా ఒకటే గోల. పాత ఇంటికి టైల్సు వేయించి, పైన బాత్‌రూముతో ఒక మేడగది లేపి, మంచి రేటుకి అమ్మి నెల్లూర్లో ఫ్లాటు కొనాలని నా ఆశ. మేస్త్రిని పిలిస్తే ఇల్లంతా తిరిగి చూసి అరుగు మీద కూర్చున్నాడు.

"ఉండేదానికా, అమ్మేదానికా సార్?"

"అమ్మేదానికే."

"అయితే సున్నం కొట్టించి ఊరుకోండి. మన పక్క కొనేవాడు అంకణం లెక్కన కొంటాడు. మీ టైల్సుని అంకణాల్లో ఎవడూ కలపడు."

నెల్లూరు వాళ్ళం స్థలాన్ని అంకణాల్లోనే కొలుస్తాం, ఆరడుగులకి ఆరడుగులు. అది నాకు తెలియంది కాదు. అయినా ఒళ్ళు మండింది. చేతికొచ్చిన పని వద్దనే మేస్త్రిని ఎక్కడన్నా చూసినామా? "మార్కెట్టు సంగతి నాకొదిలెయ్ మేస్త్రీ" అన్నాను. మర్నాడు తమ్ముణ్ణి వెంటబెట్టుకుని వచ్చి పని మొదలుపెట్టినాడు.

పని వంక పెట్టేట్టు ఉండేది కాదు. వంటింటి గట్టు పూర్తయినాక కూడా సాయంత్రం తాపీ తీసుకుని ఇంకోసారి నున్నగా లాగి, మా ఆవిడతో "చెయ్యి పెట్టి చూడండమ్మా, ఎక్కడా గీసుకోకూడదు" అనేవాడు. ఇల్లు అమ్మేసరికి ఆ గట్టు మీద ఆమె ఎన్నాళ్ళో వంట చేయలేదు, అది వేరే సంగతి.

మేడగది శ్లాబు వేసినాక దాని మీద మట్టి గట్లు కట్టి, మూడు వారాలు నీళ్ళు నిలబెట్టాలి. మా పక్క అది ఇంటివాళ్ళ పని. "ట్యాంకరు నీళ్ళే పట్టండి సార్" అని మరీమరీ చెప్పి పోయినాడు. నేను బోరు స్విచ్చి వేసి పైపు పైకి లాగినాను. మేస్త్రి వద్దన్నాడు గదా అని మా ఆవిడ అంటే, "పైపైన తడిపేదానికి ఏ నీళ్ళయితే ఏంలే" అన్నాను. పిసినారితనం, దాని మీద బద్ధకం.

బేరాలు వస్తా పోతా రెండేళ్ళు గడిచేసరికి మేడగది కప్పు పెచ్చులు ఊడి పడినాయి. లోపల కమ్మి తుప్పు పట్టి ఉబ్బింది. "సాయబు సిమెంటు తిన్నాడు" అని వీధిలో అందరితో అన్నాను. కోపంలో నోరు జారిందనుకునేరు. తెలిసే అన్నాను.

కబురు పెడితే అన్నదమ్ములిద్దరూ వచ్చినారు. ఇరుగుపొరుగంతా గుమిగూడినారు. మేస్త్రి కిందపడిన పెచ్చు తీసి నాలికకి తగిలించుకున్నాడు. నా మొహంలోకి ఒకసారి చూసినాడు. "పొరపాటు నాదే సార్, నేనే బాగుచేసిస్తా" అన్నాడు, అందరికీ వినపడేట్టు.

తమ్ముడితో సహా అందరూ పోయినాక, ఎందుకట్లా చెప్పినావని అడిగినాను.

"మేస్త్రి తప్పంటే ఒక గదితో పోతాది సార్. ఉప్పు నీళ్ళు పట్టినారని తెలిస్తే ఇల్లంతా అనుమానమే, మీకు బేరం రాదు. అమ్ముకున్నాక మీరే చెబుదురు లెండి."

పది రోజులు ఊరికే పనిచేసి ఆ కప్పు బాగుచేసినాడు. ఆ తర్వాత మా చుట్టుపక్కల ఊళ్ళల్లో ఆయన్ని పిలిచిన ఇల్లు లేదు. ఇంకొకళ్ళ కింద రోజుకూలీకి పోతున్నాడని విన్నాను.

చివరికి గోడౌను కట్టుకుంటానని ఒకాయన వచ్చినాడు. టేపు పట్టి నాలుగు పక్కలా కొలిచి, అంకణాలు లెక్కేసుకున్నాడు. "లోపలికి రండి, మేడగది చూద్దురు" అన్నాను. "దేనికి సార్, పగలగొట్టేదే గదా" అని వీధిలోనే నిలబడినాడు. పగలగొట్టే ఖర్చు కూడా నాకిచ్చే దాంట్లోనే తగ్గించినాడు. ఫ్లాటు మాట అక్కడితో సరి. ఏ రేటు కోసం ఆ మనిషి తన పేరు పోగొట్టుకున్నాడో, ఆ రేటు అసలు లేనే లేదు.

అమ్ముకున్నాక చెప్పాల్సింది. చెప్పలేదు. ఆ ఊరితో ఇంకేం పనిలే అనుకున్నాను. ఆయన రెండుసార్లు ఫోన్ చేసినాడు, మా ఆవిడ గురించి, అమ్మ బాగుందా అని అడిగినాడు, ఆ మాట మాత్రం ఎత్తలేదు. ఎత్తి తిట్టి ఉంటే నాకు కొంచెం తేలిగ్గా ఉండేదేమో.

నేను పోయేసరికి ఆయన ఇంటి ముందు షామియానా కింద చుట్టుపక్కల మేస్త్రులంతా కూర్చుని ఉన్నారు. తమ్ముడు ఎదురొచ్చినాడు.

"మా అన్న చేతి మీద జరిగిన తప్పు అదొక్కటే సార్, మీ ఇంట్లో. కోపంలో ఒక మాటన్నా, మీరు కాబట్టి అంతటితో ఊరుకున్నారు. ఇంకొకళ్ళయితే పంచాయితీ పెట్టుండేవాళ్ళు."

అందరూ వింటున్నారు. చెప్పడానికి అంతకంటే మంచి చోటు లేదు. నోరు తెరిచినాను.

"పోయిన మనిషి మీద ఆ మాటలు ఇప్పుడెందుకులేబ్బా" అన్నాను.

అతను నా చెయ్యి రెండు చేతుల్తో పట్టుకుని కళ్ళకద్దుకున్నాడు. పక్కనున్న ముసలి మేస్త్రి లేచి, తన కుర్చీని భుజం మీది తువ్వాలుతో తుడిచి నా ముందుకి జరిపినాడు. నేను కూర్చున్నాను.