ఇరవై అయిదో దెబ్బ

పొద్దున నందిపేట్ నుంచి ఒకావిడ కూతుర్ని వెంటబెట్టుకుని వచ్చి నా కుట్టు దుకాణం ముందు ఆగింది. బ్లౌజు కోసమేమో అనుకుని టేపు మెడలో వేసుకుని లేచాను. "డ్రమ్ముల అక్క ఇల్లు యాడ? మా పిల్లకు సామాన్ కొనాలె. ఆమెను అడగకుంట కొనొద్దన్నరు" అంది. బోధన్‌లో ముప్పై ఏళ్ళుగా బ్లౌజులు కుడుతున్నాను, నా ఇల్లు వెతుక్కుంటూ ఒక్కరూ అంత దూరం నుంచి రాలేదు. అయినా మెడ నిటారుగా పెట్టి, "మా అక్కనే. రెండిండ్ల అవతల" అని చూపించాను. వాళ్ళు వెళ్ళాక చాలాసేపు మిషను తొక్కడం మర్చిపోయి కూర్చున్నాను.

అక్క పన్నెండో ఏట బీడీల చాట ఒళ్ళో పెట్టుకుంది, నలభై ఎనిమిదో ఏట డ్రమ్ము కర్రలు పట్టింది. మధ్యలో ముప్పై ఆరేళ్ళు నేల మీద కూర్చునే గడిపింది. తడిపిన తునికాకును కత్తెరతో కత్తిరించడం, తంబాకు పోసి చుట్టడం, దారం వేసి మూతి మడవడం, ఇరవై అయిదు కాగానే కట్ట కట్టడం. నోరు పక్కింటావిడతో పోట్లాడుతున్నా, కళ్ళు టీవీ చూస్తున్నా చేతులు మాత్రం లెక్క తప్పేవి కావు. "నా పెద్దబిడ్డ కాలమంత బీడీలకే పోయె" అని మా అవ్వ, అంటే మా కన్నతల్లి, కన్నుమూసేదాకా బాధపడింది. అక్కకు మాత్రం అలాంటి బాధలేవీ ఉన్నట్టు కనిపించేది కాదు. ఆమెకు ఉన్నదల్లా మోకాళ్ళ నొప్పి.

మా ఇద్దరికన్నా పెద్దవాడు అన్న. పెళ్ళిళ్ళకు ఆర్కెస్ట్రా నడుపుతాడు, కీబోర్డు తనే వాయిస్తాడు. నాలుగేళ్ళ కిందట దసరా పోగానే అతని డ్రమ్మరు సామానంతా అమ్ముకుని గల్ఫ్‌కు వెళ్ళిపోయాడు. ఒక మధ్యాహ్నం అన్న అక్క ఇంట్లో కంచం ముందు కూర్చుని, పెళ్ళిళ్ళు దగ్గర పడుతున్నాయని, డ్రమ్మరు దొరకడం లేదని ఒకటే గోల. అక్క చాట మీది నుంచి తల ఎత్తకుండానే "నేను కొడ్త" అంది. అన్నకు మజ్జిగ కొరబోయింది. దగ్గు తగ్గాక, "నీకు యాభై దగ్గరికొచ్చినయి చెల్లె. గది పిలగాండ్ల పని" అన్నాడు. "గీ చేతుల్తోనే కదనే పొద్దటి సంది గిన్ని బీడీలు చేసిన. వయసు చేతులకు ఎక్కలే ఇంక" అని అక్క. అన్నకు పంతమెక్కింది. "సరే. మాఘమాసంల చిన్నాయన బిడ్డ పెండ్లి ఉంది. ఆడ ఒక్క పాట తప్పుపోకుంట కొట్టు, డ్రమ్ముల కుర్సీ నీది. తప్పితె మల్ల ఆ ముచ్చట తియ్యొద్దు." మా అన్న మాట అంటే రాతి మీద గీతే. అక్క సరేనని ఇంకో ఆకు కత్తిరించింది.

మరుసటి ఆదివారం అక్కా నేనూ బస్సెక్కి నిజామాబాద్‌లో డ్రమ్ములమ్మే దుకాణానికి వెళ్ళాం. దుకాణం నడిపే పెద్దాయన ఒకప్పుడు బ్యాండు మేళంలో వాయించినవాడు. ఇంట్లో మరాఠీ, కొట్లో తెలుగు, కోపమొస్తే రెండూ. ముందు కర్రలు చూడమని ఒక కట్ట ముందర పోశాడు. అక్క వాటిని ఒక్కొక్కటే గాజు బల్ల మీద దొర్లించింది. వంకర ఉన్నది ఎగిరెగిరి దొర్లుతుంది, దాన్ని పక్కన పెట్టేసింది. మిగిలినవాటిని చెవి దగ్గర ఒకదానితో ఒకటి తట్టి చూసి, ఒకే మోత వచ్చే జతను ఏరుకుంది. పుచ్చు ఆకును ఏరి పారేసే చూపే అది, నాకు తెలుసు. పెద్దాయన కళ్ళద్దాలు పైకి జరిపి, మరాఠీలో అక్కా అని పిలుస్తూ, "తాయీ, ఇంతకుముందు ఎవరి దగ్గర నేర్చుకున్నరు?" అన్నాడు. "బీడీలు చేస్త" అంది అక్క.

ఇక నా తెలివి కూడా చెప్పాలి. గోడ పక్కన ఎర్రగా తళతళలాడే ఏడు డ్రమ్ముల సెట్టు ఒకటుంది. అక్క పట్టుచీరకు బాగా నప్పుతుందని అదే తీసుకొమ్మన్నాను. పెద్దాయన నన్ను ఎగాదిగా చూసి, "రంగు మోగదమ్మా. కాలి కింద పెడలు చూడాలె, గీ ఇత్తడి పళ్ళెం, సింబల్, చూడాలె, అన్నిటికన్నా ముందు కుర్సీ చూడాలె" అన్నాడు. అక్క ఆ గుండ్రటి కుర్చీ మీద కూర్చుంది. ఆయన మర తిప్పుతూ, మోకాలు తుంటి కన్నా కాస్త కిందికి ఉండేదాకా ఎత్తు పెంచాడు. "గిప్పుడు?" అని అడిగాడు. అక్క రెండు పాదాలూ నేల మీద ఆనించి, నడుము నిలబెట్టి, ఊరికే కూర్చుంది. పని చేయడానికి అక్క కుర్చీ మీద కూర్చోవడం అదే మొదటిసారి. చివరికి పాత సెట్టు ఒకటి, నాలుగే డ్రమ్ములది, రంగు వెలిసింది, కానీ మంచి పెడలుతో, మంచి సింబల్‌తో తీసుకున్నాం. ఇంటికి తెచ్చాక మోతకు వాడ అదిరిపోతుంటే పెద్ద డ్రమ్ము కడుపులో నా దుకాణం గుడ్డముక్కలు కుక్కాను. మా వాడ ఆడవాళ్ళ బ్లౌజులన్నీ కొంచెం కొంచెం అందులో ఉన్నాయి.

ప్రతి ఆదివారం అక్క పెద్దాయన దగ్గరికి వెళ్ళి నేర్చుకునేది. చేయి వేగం చూసి ఆయన ముచ్చటపడ్డాడు. కానీ ఒక జబ్బు మాత్రం ఆయనకు అంతుపట్టలేదు. పాటకు నాలుగేసి దెబ్బల చుట్టు. ఆరు చుట్లు చక్కగా పోయాక, ఇరవై అయిదో దెబ్బ వేసి అక్క ఆగిపోయేది. ఈలోగా పాట ముందుకు వెళ్ళిపోయేది. ఒకరోజు తోడు వెళ్ళి చూశాను. ఆగినప్పుడు ఆమె బొటనవేలు కర్ర చుట్టూ మెలి తిరుగుతోంది. "అక్కా, కట్ట కడుతున్నవా?" అన్నాను. అక్క తన చేతిని పరాయి చేతిని చూసినట్టు చూసుకుంది. తిరుగు బస్సు చెరకు బండ్ల వెనక నత్తనడక నడుస్తుంటే, "ముప్పై ఆరేండ్ల అలవాటు చెల్లె. మూడు నెలలల్ల యాడ పోతది? అన్న గెలిచిండు" అని కొంగుతో కళ్ళు ఒత్తుకుంది. అక్క ఏడవడం చూసి నాకు అన్న మీద, బీడీల మీద, ఆ నాలుగు దెబ్బల లెక్క మీద కోపమొచ్చింది.

తరువాతి ఆదివారం కట్ట సంగతంతా పెద్దాయనకు నేనే చెప్పాను. ఆయన కాసేపు వేళ్ళు లెక్కపెట్టి, పకపకా నవ్వాడు. "దాన్ని పోగొట్టొద్దు తాయీ! ఇరవై అయిదోది సింబల్ మీద కొట్టు. గదే కొత్త కట్టల మొదటి బీడీ అనుకో. ఆగకుంట చుట్టుకుంట పో." అన్న ఎంచిన పాట కూడా ఆరు చుట్లకోసారి మలుపు తిరిగేదే కావడం మా అదృష్టం.

పెళ్ళి పగటిపూట. అక్షింతలయ్యాక అన్న పాట ఎత్తుకున్నాడు, అక్క అందుకుంది. పాట సగంలో ఉండగా కరెంటు పోయింది. మైకు మూగబోయింది, కీబోర్డు చచ్చిపోయింది. అక్క మాత్రం ఆగలేదు. హాలంతా డ్రమ్ములొక్కటే. వడ్డించేవాళ్ళు కూడా గరిటెలు పట్టుకుని నిలబడిపోయారు. ఎవరో చప్పట్లు అందుకుంటే, చిన్నాయన, పెళ్ళికొడుకు తరఫువాళ్ళు, అందరూ కలిశారు. జనరేటరు వచ్చింది. అన్న వేళ్ళు కీబోర్డు మీద పెట్టుకున్నాడు గానీ మొదలుపెట్టలేదు. పాట ఎక్కడుందో అన్నకు తెలియదు. తెలిసింది అక్కకే. ఆమె చేతుల వంక చూస్తూ కాచుకున్నాడు. సింబల్ ఝణంగుమన్న క్షణాన అందుకున్నాడు. ఒక్క వెంట్రుకవాసి తేడా లేదు. నేను కేకవేసి లేచి నిలబడ్డాను, కుర్చీ వెనక్కి పడింది.

మా ఆర్కెస్ట్రాలో కొత్తగా చేరినవాళ్ళే సామాను మోయాలని అన్న పెట్టిన రూలు ఒకటుంది. ఆ రోజు అన్న పెద్ద డ్రమ్మును తన భుజానికెత్తుకుని, ఇంకో చేత్తో కుర్చీ పట్టుకున్నాడు. "కర్రలు నువ్వు పట్టుకో చెల్లె. మిగిలినయి నేను మోస్త" అని వ్యాను వైపు నడిచాడు.

ఇప్పుడు రెండిళ్ళ అవతలి నుంచి కర్రలు దొర్లుతున్న చప్పుడు వినిపిస్తోంది. నందిపేట్ పిల్లకు జత ఏరడం నేర్పుతున్నట్టుంది. మా అవ్వ ఉంటే వెళ్ళి పక్కన కూర్చుని చెప్పేదాన్ని: కాలమంతా బీడీలకే పోయిందని ఏడ్చినవు గదనే, యాడికి పోలే, బిడ్డ చేతులల్లనే ఉన్నది.