రాతిమీద ‘కూడా’

మెర్రిన్ ఏం పరిశోధన చేస్తోందని ఎవరైనా అడిగితే వాళ్ల నాన్న “దయ్యాల మీద” అనేసి ఆపిల్ బుట్టలు సర్దుకుంటాడు. మిగతా సగం చెప్పాలంటే ఆయనకు సిగ్గు. నాకేం సిగ్గు లేదు, నేను చెబుతాను. పాత గోథిక్ నవలల్లో, అంటే పాడుబడ్డ బంగళాలూ ఈదురుగాలులూ మెట్లమీద అడుగుల చప్పుళ్లూ ఉండే కథల్లో, ఆడవాళ్లనీ మగవాళ్లనీ కూడా ప్రేమించిన మనుషుల గురించి ఆ పిల్ల పరిశోధన. ద్విలైంగికత అన్న మాట థీసిస్ పేరులోనే ఉంది. ఈ దీవిలోని హోబార్ట్ యూనివర్సిటీలో ఇరవై ఏళ్లకు పైగా ఇంగ్లిషు శాఖ ఆఫీసులో కూర్చుని పరిశోధక విద్యార్థుల గోడు వింటున్నదాన్ని. ఇంతకంటే వింత విషయాలు చాలా చూశాను.

మెర్రిన్ పరిశోధన అంటే ఎక్కువభాగం కళ్లు ఎర్రబడటం. వందేళ్ల పైబడిన ఈ ఊరి పత్రికల్ని మైక్రోఫిల్మ్ మీద తిప్పుతూ కూర్చునేది. స్కాలర్‌షిప్ ఆగిపోయాక వారమంతా మొదటి ఏడాది పిల్లలకు పాఠాలు చెప్పి, శని ఆదివారాలు రేవు దగ్గర కాఫీ కొట్లో నిలబడేది. కొండమీద మంచు పడ్డ రోజుల్లో మా శాఖ మేడమీది గదిలో చేతులకు ఉన్ని మేజోళ్లు తొడుక్కుని టైపు చేసేది. నేను పులిహోర తీసుకెళితే డబ్బా ఖాళీ చేసి, “హైమా, ఈసారి కాస్త కారం తగ్గించావేంటి, నేను తెల్లదాన్ననా?” అని దెప్పేది. పెట్టింది తిని పేర్లు పెట్టడం దానికి అలవాటు.

ముందు బ్రైడీ అనే అమ్మాయితో కలిసి ఉండేది. వాళ్లిద్దరూ విడిపోయి రెండేళ్లయ్యాక సాల్మన్ చేపల పడవల మీద పనిచేసే లాక్లన్‌తో కాపురం పెట్టింది. బ్రైడీతో ఉన్నన్నాళ్లూ “మన పిల్ల” అన్న లెస్బియన్ స్నేహితురాళ్లు, లాక్లన్ చెయ్యి పట్టుకుని శనివారం సంతలో కనబడేసరికి “తీరిందా నీ ముచ్చట?” అన్నారు. వాళ్ల నాన్నేమో కూతురు దార్లో పడిందని వీధంతా బీరు పోయించాడు. ఆయన సంబరం చూసే ఆ పిల్ల ఎక్కువ ఏడ్చింది. “నేను దారి ఎప్పుడు తప్పాను హైమా?” అని నా బల్ల దగ్గర ముక్కు చీదుకుంటూ అడిగితే టీ పెట్టి ఇచ్చాను.

ఆమె గైడు గ్వెండా. నా స్నేహితురాలు, నా ఈడుది, ముక్కుమీద కోపం. మగవాడు మగవాణ్ని ప్రేమిస్తే ఈ దీవిలో జైలని చట్టం ఉన్న రోజుల్లో, ఆ చట్టం పోవాలని సంతలో బల్ల వేసుకుని కూర్చున్నందుకు పోలీసు వ్యాను ఎక్కిన మనిషి. ఇసబెల్ అనే ఆవిడతో ముప్పై ఏళ్లు కాపురం చేసింది. పోయిన చలికాలంలో ఇసబెల్ క్యాన్సర్‌తో పోయింది. అప్పటినుంచీ ఎవరేమన్నా గ్వెండా కరిచినంత పని చేస్తోంది.

అసలు గొడవ నాలుగో అధ్యాయం దగ్గర వచ్చింది. ఆ అధ్యాయం ఇక్కడి పాత పత్రికలో వారం వారం వచ్చిన ఒక కథ గురించి. రాసినవాళ్ల పేరు లేదు. ఆగస్టా అనే వితంతువు, సముద్రంలో పోయిన ఆమె భర్త, తోడుగా ఇంటికొచ్చిన ఆనర్ అనే పనిపిల్ల. ఆగస్టా, ఆనర్ ప్రేమించుకుంటారు. చచ్చిన భర్త దయ్యమై కిటికీ దగ్గర తచ్చాడుతుంటాడు. గ్వెండా పేరు దేశమంతా తెలిసింది ఈ కథ మీద రాసిన పుస్తకంతోనే. ఆ పెళ్లి ఒక చెర, ఆ దయ్యం చెర తాలూకు భయం, ఆనర్ ఒక్కతే నిజమైన ప్రేమ అని ఆమె వాదన. ఇసబెల్ వచ్చి చేరిన కొత్తలో రాసిన పుస్తకం అది. నేనూ చదివాను, ఏడ్చాను కూడా.

మెర్రిన్ కనిపెట్టింది ఒక్క మాట. కథ ఆఖర్న, ఆనర్ చనిపోయాక, ఆగస్టా సమాధిరాయి చెక్కిస్తుంది. పైన భర్త పేరు. కింద ‘కూడా’ అని, అంటే ఇంగ్లిషులో ‘ఆల్సో’ అని చెక్కి ఆనర్ పేరు. దాని కింద మళ్లీ ‘కూడా’ అని చెక్కించి, తనకోసం ఖాళీ వదులుతుంది. ఈ ఊళ్లో ఏ పాత శ్మశానానికి వెళ్లినా రాళ్లన్నీ అంతే. ఫలానా ఆయన, కూడా ఆయన భార్య, కూడా వాళ్ల పసిబిడ్డ. పుట్టినప్పటినుంచీ చూస్తున్న రాళ్లు కాబట్టి ఇక్కడివాళ్ల కళ్లు ఆ మాట మీద ఆగవు. గ్వెండా కూడా ఆగలేదు. తన పుస్తకంలో ఆ రాతి వాక్యం ఎత్తి రాసింది కానీ, రెండు ‘కూడా’లూ వదిలేసింది.

“పనిపిల్లకి ‘కూడా’ చెక్కరు హైమా,” అంది మెర్రిన్, మొహం వెలిగిపోతుంటే. “ఇంట్లో మనుషులకే చెక్కుతారు. ఆగస్టా ఆనర్‌ని తీసుకెళ్లి మొగుడి పక్కన ఇంటిమనిషిని చేసింది. తనూ అక్కడికే వస్తానంది. భయపడేది అయితే ఆయన దగ్గరికి ఎందుకెళ్తుంది? రోజూ కిటికీలో దీపమెందుకు పెడుతుంది? ఆయన రావాలనే! ఇద్దరూ కావాలి ఆవిడకి. వందేళ్లుగా అందరూ ఎవరో ఒకర్ని లెక్కలోంచి కొట్టేస్తున్నారు.”

మెర్రిన్‌కి తెలియనిదొకటి నాకు తెలుసు. ఇసబెల్ కూడా వితంతువుగానే గ్వెండా దగ్గరికి వచ్చింది. కెన్నెత్ అనే భర్త పోయాక, నీల్ అనే కొడుకుని వెంటబెట్టుకుని. ఇప్పుడు ఇసబెల్ అస్థికలు గ్వెండా వంటింటి అరలో ఉన్నాయి. వాటిలో సగం నాన్న సమాధిలో కలుపుతానని, అమ్మే అడిగిందని నీల్ అంటే, గ్వెండా ఫోన్ పెట్టేసింది. మళ్లీ ఎత్తలేదు.

చెప్పనా వద్దా అని నేను తటపటాయిస్తుండగానే ఆ పిల్ల అధ్యాయం పంపేసింది. వారం తిరక్కుండా గ్వెండా గదిలోంచి కేకలు వినబడ్డాయి. మా గోడలు పలచన.

“ఈ అధ్యాయం తీసెయ్. లేదంటే ఇంకో గైడుని చూసుకో. నేను సంతకం పెట్టను.”

“తప్పెక్కడుందో చెప్పండి గ్వెండా, దిద్దుకుంటాను.”

“నువ్వు ఇప్పుడు మగాడితో ఉంటున్నావు. అందుకని ప్రతి కథలోనూ నీకో మగాడు కావాలి. మేం దెబ్బలు తిని సంపాదించుకున్న ఆడవాళ్లని తీసుకెళ్లి మళ్లీ మొగుళ్లకి అప్పజెబుతున్నావు!”

తర్వాత మెర్రిన్ గొంతు వినబడింది. “బ్రైడీతో ఉన్నప్పుడు నా మాట విన్నారు. ఇప్పుడూ మనిషిని నేనే కదా. ఎవరితో ఉంటే వాళ్ల లెక్కలో రాసేస్తే, మధ్యలో నేను ఎక్కడుండాలి?”

తలుపు ధడాలున పడింది. నాకు ఒళ్లు మండిపోయింది. ఆ పిల్లకు గడువు మరో నెల, ఇక పొడిగింపు లేదు. సంతకం లేకపోతే ఇన్నేళ్ల చదువూ గంగలో కలిసినట్టే. కొత్త గైడు ఈ వేళకు ఎక్కడినుంచి ఊడిపడతాడు?

మెర్రిన్ మెట్లమీద కూర్చుని ఉంది. పక్కన కూలబడి, ఇసబెల్ సంగతీ నీల్ సంగతీ అస్థికల సంగతీ చెప్పేశాను. మంచో చెడో నాకు తెలీదు. వింటూ వింటూ ఆ పిల్ల రెండు చేతులతో నోరు మూసుకుంది.

“అయ్యో, అయ్యో. నేను ఆవిడ పుస్తకం మీదే రాశాననుకున్నాను హైమా.”

“నీ తప్పేముందే?”

“తీసేస్తాను,” అంది లేస్తూ. “మిగతా అధ్యాయాలు ఉన్నాయిగా. అవి చాలు. ఆవిణ్ని ఏడిపించి నేను డాక్టర్నవడం నాకొద్దు.”

“పిచ్చిదానా, నీ థీసిస్సుకి ప్రాణం అదే కదే!” అని నేను అరుస్తున్నా వినిపించుకోలేదు. ఆ సాయంత్రమే గ్వెండా ఇంటికి వెళతానంటే, ఏమవుతుందోనని నేనూ వెంటపడ్డాను.

గ్వెండా తలుపు తీసి, మమ్మల్ని చూసి వంటింట్లోకి నడిచింది. సింకులో గిన్నెలు పేరుకుపోయి ఉన్నాయి. నేను అలవాటు కొద్దీ చొక్కా చేతులు మడిచి తోమడం మొదలుపెట్టాను. మెర్రిన్ నిలబడే చెప్పింది. “అధ్యాయం తీసేస్తున్నాను. నాకు ఇసబెల్ గురించి తెలియదు. తెలిస్తే మీకు అలా పంపేదాన్ని కాదు.”

గ్వెండా నా వీపుకేసి చూసింది, నాకు తెలుస్తూనే ఉంది. “నీ నోట్లో నువ్వు గింజ నానదే హైమా,” అంది. “నానదు. ఏం చేస్తావ్?” అన్నాను వెనక్కి తిరక్కుండా.

తిడుతుందనుకున్నాను. కుర్చీ లాక్కుని కూర్చుంది. “తీసెయ్యకు,” అంది.

“పర్లేదు గ్వెండా...”

“తీసెయ్యకు అంటున్నానా! రెండు రాత్రుల్నించి చదువుతున్నాను. తప్పు పట్టుకుందామనే చదివాను. దొరకలేదు.” అస్థికలున్న అరవైపు చూసి, మళ్లీ అందుకుంది. “ఇసబెల్ ఎప్పుడైనా అతని పేరు ఎత్తితే నాకు పడేది కాదు. ‘నువ్వు ప్రేమించింది నన్నొక్కదాన్నే, అదంతా లోకం కోసం చేసిన కాపురం’ అని నేనే చెప్పేదాన్ని ఆవిడకి. నవ్వి ఊరుకునేది. ఆసుపత్రిలో ఒకరోజు, ‘కెన్నెత్ గురించి నీకు ఒక మాట చెప్పాలి గ్వెన్’ అంది. నేను దుప్పటి సర్ది, ‘ఇప్పుడెందుకులే, పడుకో’ అన్నాను.”

మెర్రిన్ ఆమె పక్కన కూర్చుని చెయ్యి పట్టుకుంది. ఆ ముసలిదీ ఈ పిల్లా ఒకళ్లనొకళ్లు పట్టుకుని ఏడుస్తుంటే నేను కుళాయి కట్టేసి, తడిచేతులతో అలాగే నిలబడ్డాను. నా ఏడుపు నేనూ ఏడ్చాను, ఎందుకు దాచాలి?

గ్వెండా కళ్లు తుడుచుకుని, “సంతకం రేపు పొద్దున పెడతాను. ఆ మూడో పేజీలో నా పుస్తకం గురించి మరీ మర్యాదగా రాశావు. తప్పని గట్టిగా రాయి,” అంది. తర్వాత ఫోను అందుకుంది. నెంబరు నొక్కి, మేం వెళ్లిపోతామేమోనని చెయ్యి ఊపి ఉండమంది.

“నీల్, నేను, గ్వెండాని. పెట్టెయ్యకు నాయనా.” అటునుంచి ఏమన్నాడో మాకు వినపడలేదు. “అస్థికల సంగతి మాట్లాడదాం, నువ్వు ఎలా అంటే అలాగే. ముందు నాకొకటి చెప్పు. మీ నాన్న ఎలాంటివాడు?”

అమ్మ చెప్పలేదా అనే కాబోలు, అతను ఏదో అడిగాడు. గ్వెండా బల్లమీదికి వంగిపోయింది.

“చెప్పబోయింది నాయనా,” అంది. “నేనే చెప్పనివ్వలేదు.”